గుండు ఎంత, బద్ద ఎంత: గ్యాసుల సమతాస్థితి లెక్క

(శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ విద్యార్థులతో మాట్లాడింది. రికార్డింగ్ విని రాసుకున్నాను. బోర్డు మీద రాసినవి మాటల్లోకి మార్చాను, మిగతాది చెప్పింది చెప్పినట్టే ఉంచాను.)

కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకి రండి, ఇవాళ చూడాల్సిన వస్తువు చిన్నది. ఇదిగో, రెండు గాజు గొట్టాలు. వీటికి మూతలుండవు, చివర గాజునే కరిగించి మూసేశారు. లోపలి గ్యాస్ బయటికొస్తే మనందరం దగ్గుకుంటూ వరండాలోకి పరిగెత్తాలి, అది విషం, అందుకే చేతులు మార్చొద్దు, నేనే పట్టుకుంటాను. రెండింట్లో ఉన్నది ఒకటే గ్యాస్, ఒకటే మోతాదు. ఒకటి ఈ ఐసు గ్లాసులో పెట్టాను. రెండోది ఈ ఫ్లాస్కులో నీళ్లు, పొద్దున టీ కోసం కాచినవే, వాటిలో పెడుతున్నాను. రెండు నిమిషాలు ఆగండి.

చూశారా? వేడినీళ్లలోది చిక్కటి డికాషన్ రంగుకి వచ్చేసింది. ఐసులోది వెలిసిపోయి, నిమ్మరసం కలిపిన నీళ్లలా అయిపోయింది. లోపలికి ఏమీ వెళ్లలేదు, బయటికి ఏమీ రాలేదు. మరి రంగు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది?

లోపల ఉన్నవి ఇద్దరు. ఎన్2ఓ4 అని ఒకటి, దానికి రంగు లేదు. ఎన్ఓ2 అని ఇంకొకటి, అది ఎర్రమట్టి రంగు. ఒక ఎన్2ఓ4 విడిపోతే రెండు ఎన్ఓ2లు వస్తాయి, రెండు ఎన్ఓ2లు కలిస్తే మళ్లీ ఒక ఎన్2ఓ4. విడిపోవడానికి వేడి కావాలి, అందుకని వేడినీళ్లలో విడిపోయినవి ఎక్కువ. ఇది కథగా మీ అందరికీ తెలుసు. నాకు కావాల్సింది కథ కాదు, అంకె. ఈ గొట్టంలో ఇప్పుడు ఎన్ఓ2 పీడనం ఎంత? ఎన్2ఓ4 పీడనం ఎంత? అడగ్గానే సగం క్లాసుకి టెన్షన్ మొదలవుతుంది, నాకు తెలుసు, నేను కూడా అక్కడ కూర్చుని వచ్చినవాణ్నే.

మన పలాస వెళ్లండి. జీడిపప్పు పరిశ్రమలో గుండు వేరు, బద్ద వేరు, రేటు కూడా వేరు. గుండంటే పూర్తి పప్పు, అది రెండుగా చీలితే రెండు బద్దలు. 100 గుండ్లు డబ్బాలో వేసి ఊపారనుకోండి, అందులో 18 చీలిపోయాయి. ఇప్పుడు గుండ్లు ఎన్ని? 82. బద్దలు? 36. డబ్బాలో మొత్తం ముక్కలు? 118. ఇంతే. ఇది అర్థమైన మనిషికి సమతాస్థితి లెక్కలో ముప్పాతిక వచ్చేసినట్టే. ఎన్ని చీలాయో తెలియకపోతే దానికి ఎక్స్ అని పేరు పెట్టుకోండి: గుండ్లు 100 మైనస్ ఎక్స్, బద్దలు 2ఎక్స్, మొత్తం 100 ప్లస్ ఎక్స్. తెలియనిది ఒక్కటే, మూడు కాదు. పిల్లలు ఎన్2ఓ4కి ఒక అక్షరం, ఎన్ఓ2కి ఇంకో అక్షరం, మొత్తానికి మరో అక్షరం పెట్టి, ఆ మూడింటి మధ్య చిక్కుకుని పేపరు మడిచేస్తారు. ఒక తేడా మాత్రం ఉంది, జీడి బద్దలు మళ్లీ గుండు అవ్వవు, అయితే పలాస వ్యాపారులంత సుఖపడేవాళ్లు ఉండరు. (నవ్వులు) గ్యాసులో మాత్రం బద్దలు ఎదురుపడి అతుక్కుంటూనే ఉంటాయి, గుండ్లు చీలుతూనే ఉంటాయి. చీలే వేగం, అతుక్కునే వేగం ఒకటైన చోట లెక్క నిలుస్తుంది, అదే సమతాస్థితి.

ముక్కలు లెక్కపెట్టాం సరే, పీడనం ఎక్కడొచ్చింది అంటారా. డాల్టన్ 1801లో చెప్పిందే. ఒక పాత్రలో నాలుగు గ్యాసులుంటే దేని పీడనం దానిదే, పక్కవాడు లేనట్టే అది గోడని కొడుతుంది, అన్నీ కూడితే మొత్తం. పాత్ర అదే, వేడి అదే అయితే పీడనం మోల్స్ సంఖ్యని, అంటే అణువులు ఎన్నున్నాయన్న లెక్కని, బట్టి ఉంటుంది, మోల్స్ రెట్టింపైతే పీడనం రెట్టింపు. కాబట్టి ముక్కల పద్దు ఎలా రాశామో, మోల్స్ ప్రస్తావనే లేకుండా నేరుగా పీడనాలతోనే ఆ పద్దు రాసుకోవచ్చు. కానీ నేను రెండు షరతులు అన్నాను, పాత్ర అదే, వేడి అదే. ఈ మాట మీద తర్వాత నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను, గుర్తుంచుకోండి.

ఆ నిలిచిన చోటు ఏదో చెప్పేదే కేపీ, అంటే పీడనాలతో రాసే సమతాస్థితి స్థిరాంకం. నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగె అని ఇద్దరు, బావా బావమరుదులు, 1864లో ద్రవ్యరాశి క్రియా నియమం బయటపెట్టారు. మన గ్యాసుకి దాన్ని రాస్తే ఎన్ఓ2 పీడనం స్క్వేర్ చేసి, ఎన్2ఓ4 పీడనంతో భాగించాలి. 25 డిగ్రీల దగ్గర ఆ విలువ సుమారు 0.15, పీడనాలు బార్‌లలో పెడితే. వేడి మారనంతకాలం ఆ అంకె మారదు. వేడి మారితే మాత్రం బాగా మారుతుంది, 25 నుంచి 100 డిగ్రీలకి తీసుకెళ్తే దాదాపు 100 రెట్లు పెరుగుతుంది. ఆ డికాషన్ రంగు అదే.

ఇప్పుడు లెక్క. మూత కదలని గట్టి పాత్ర, 25 డిగ్రీలు, మొదట్లో వట్టి ఎన్2ఓ4, 1 బార్. బోర్డు మీద మూడు వరుసలు రాస్తున్నాను: మొదట, మార్పు, చివర. ఎన్2ఓ4 మొదట 1, మార్పు మైనస్ ఎక్స్, చివర 1 మైనస్ ఎక్స్. ఎన్ఓ2 మొదట సున్నా, మార్పు ప్లస్ 2ఎక్స్, చివర 2ఎక్స్. కేపీలో పెట్టాల్సింది చివరి వరుస ఒక్కటే. పేపర్లు దిద్దినప్పుడల్లా నేను చూసేది ఏంటంటే, మొదటి వరుసలోని 1ని పట్టుకెళ్లి కేపీలో పెట్టేస్తారు, అంటే ఇంకా ఒక్క గుండు కూడా చీలకముందే బద్దల బేరం మొదలుపెట్టినట్టు.

సరే, 2ఎక్స్ మొత్తం స్క్వేర్, అంటే 4 ఎక్స్ స్క్వేర్, బై 1 మైనస్ ఎక్స్, ఈక్వల్ టు 0.15. ఇక్కడ తెలివైన పిల్లలు షార్ట్‌కట్ వేస్తారు. ఎక్స్ చిన్నది కదా, 1 మైనస్ ఎక్స్ అంటే 1 అనుకుందాం, 4 ఎక్స్ స్క్వేర్ = 0.15, ఎక్స్ = 0.194. ఈఏపీసెట్ కోచింగుల్లో ఇది నిమిషంలో అయిపోయే పని. సరైందేనా? తిరిగి వేసి చూడండి. ఎన్ఓ2 0.387, స్క్వేర్ చేస్తే 0.15, కింద 0.806. భాగిస్తే 0.186. రావాల్సింది 0.15. తప్పు దొరికిపోయింది. షార్ట్‌కట్ వేయొద్దని నేను అనను, వేశాక తిరిగి వేసి చూడకపోతేనే నాకు కోపం.

బద్ధకం మాని క్వాడ్రాటిక్ చేస్తే ఎక్స్ = 0.176. ఎన్2ఓ4 0.824 బార్, ఎన్ఓ2 0.352 బార్, మొత్తం 1.176. తిరిగి వేయండి: 0.352 స్క్వేర్ 0.124, దాన్ని 0.824తో భాగిస్తే 0.150. ఇందాక నేను ఊరికే 18 గుండ్లు చీలాయని అనలేదు.

మరి షార్ట్‌కట్ ఎప్పుడు పనికొస్తుంది? ఈ గదిలో గాలి ఉంది, నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవ్వచ్చు, దాని కేపీ ఈ వేడి దగ్గర సుమారు 4.5 ఇంటూ 10 పవర్ మైనస్ 31. గాలిలో నైట్రోజన్ 0.78, ఆక్సిజన్ 0.21 పెట్టి చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ సమతాస్థితి పీడనం 10 పవర్ మైనస్ 16 బార్ దరిదాపుల్లో వస్తుంది. అక్కడ 0.78 నుంచి ఎక్స్ తీసేసినా తీయకపోయినా మీ క్యాలిక్యులేటర్‌కి తేడా తెలీదు. అక్కడ షార్ట్‌కట్ వేయని వాడే అమాయకుడు.

ఇప్పుడు నా పరువు కథ. చాలా ఏళ్ల కిందటి మాట, సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవాణ్ని, మేడ మీద రేకుల షెడ్డు, ఇరవై మంది పిల్లలు. బోర్డు మీద ఒక లెక్క ఇచ్చాను: పిస్టన్ ఉన్న సిలిండర్, లోపల ఎన్2ఓ4, మొత్తం పీడనం 1 బార్ దగ్గరే నిలబెట్టారు, సమతాస్థితిలో పీడనాలు కనుక్కోండి. ఇచ్చింది నేనే, చేసిందీ నేనే. ఇప్పుడు మీకు చేసినట్టే మూడు వరుసలు రాసి, క్వాడ్రాటిక్ చేసి, 0.824, 0.352 అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఆమదాలవలస నుంచి సైకిల్ మీద వచ్చే ఒక కుర్రాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, వెనక నుంచి అన్నాడు: "సార్, మూత కదలతాది అన్నారు కదండి, మరి మొత్తం 1.18 ఎలగవుద్ది?"

నేను బోర్డు వైపు చూశాను. 0.824 ప్లస్ 0.352. లెక్కలో ఇచ్చిందేమో 1 బార్. రెండు గీతలు నన్ను చూసి నవ్వుతున్నాయి. చెమట పట్టింది, రేకుల షెడ్డు వల్ల కాదు.

తప్పెక్కడ? పాత్ర అదే అయితేనే పీడనాలతో నేరుగా పద్దు రాయొచ్చు అన్నాను కదా. పిస్టన్ కదిలితే పాత్ర అదే కాదు, పెరుగుతోంది. అప్పుడు పద్దు మోల్స్‌తోనే రాయాలి, చివర్లో మోల్ భాగాన్ని మొత్తం పీడనంతో హెచ్చించాలి. ఒక మోల్ ఎన్2ఓ4లో ఆల్ఫా వంతు చీలిందనుకోండి. మిగిలింది 1 మైనస్ ఆల్ఫా, ఎన్ఓ2 2ఆల్ఫా, మొత్తం 1 ప్లస్ ఆల్ఫా. ఎన్ఓ2 భాగం 2ఆల్ఫా బై 1 ప్లస్ ఆల్ఫా. ఎన్2ఓ4 భాగం 1 మైనస్ ఆల్ఫా బై 1 ప్లస్ ఆల్ఫా. మొత్తం పీడనం 1 బార్ కాబట్టి అవే పీడనాలు. కేపీలో పెట్టి సర్దితే 4 ఆల్ఫా స్క్వేర్ బై 1 మైనస్ ఆల్ఫా స్క్వేర్ = 0.15. క్వాడ్రాటిక్ ఫార్ములా కూడా అక్కర్లేదు. ఆల్ఫా స్క్వేర్ అంటే 0.15 బై 4.15, ఆల్ఫా 0.19. ఎన్2ఓ4 0.68, ఎన్ఓ2 0.32, కూడితే సరిగ్గా 1.

అదే గ్యాస్, అదే వేడి, అదే కేపీ. గట్టి పాత్రలో 17.6 శాతం చీలింది, పిస్టన్ కింద 19 శాతం. ఎందుకంటే గట్టి పాత్రలో చీలినకొద్దీ మొత్తం పీడనం పెరుగుతుంది, చోటు చాలని చోట బద్దలు ఎక్కువగా ఎదురుపడతాయి, అతుక్కుంటాయి. పిస్టన్ అయితే జరిగి చోటిస్తుంది. అప్పట్నుంచి లెక్క ఏదైనా సరే, నేను ముందు చూసేది కేపీ విలువ కాదు, మూత కదులుతుందా లేదా అని. ఆ కుర్రాడికి ఆ రోజు థాంక్స్ కూడా చెప్పలేదు, బోర్డు తుడిచేసి రేపు చెప్తానన్నాను. చిన్నతనం.

ఇప్పుడా పిస్టన్‌ని నొక్కుదాం. ఇది లాబ్‌లో సిరంజితో చూపించే ప్రయోగమే. 0.68, 0.32 దగ్గర ఉన్న గ్యాస్‌ని ఒక్కసారి సగం చోటుకి నొక్కేస్తే, కళ్లు మూసి తెరిచేలోగా రెండు పీడనాలూ రెట్టింపు, 1.36, 0.64. రంగు చిక్కబడుతుంది. 0.64 స్క్వేర్ బై 1.36 అంటే 0.30, ఉండాల్సింది 0.15. కాబట్టి బద్దలు అతుక్కోవాలి, రంగు తగ్గాలి. లీ షాటెలియే 1884లో చెప్పిన సూత్రం ఇదే, ఒత్తిడి పెంచితే ముక్కలు తక్కువైన వైపుకి జరుగుతుందని. లెక్క చేస్తే చివరికి ఎన్ఓ2 0.466 దగ్గర ఆగుతుంది, వేడి 25 దగ్గరే ఉంచితే. ఇప్పుడు మూడు అంకెలు వరసగా చూడండి: 0.32, 0.64, 0.466. చిక్కబడింది, తర్వాత పలచబడింది, కానీ మొదటికి రాలేదు. "ఒత్తిడి పెంచితే రంగు పోతుంది" అని రాసేవాళ్లు చాలామంది, మార్కులూ పడుతున్నాయి. నిజానికి సిరంజిని పక్క నుంచి చూస్తే చివరి రంగు మొదటి రంగు కన్నా ముదురే. సూత్రం ఎటువైపు అనేది చెప్తుంది, ఎంత దూరం అనేది చెప్పదు. ఎంత అనేదానికి పద్దు రాయాల్సిందే.

సున్నం సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో లెక్కే లేదు. మన తీరంలో గుల్ల సున్నం అంటే తెలుసుగా, గుల్లలు కాలిస్తే వచ్చేది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, కాల్తే సున్నం, కార్బన్ డయాక్సైడ్. గుల్ల ఘనం, సున్నం ఘనం, ఆ రెండూ కేపీలోకి రావు. మిగిలింది ఒకే గ్యాస్, కాబట్టి కేపీ అంటే ఆ గ్యాస్ పీడనమే. సుమారు 900 డిగ్రీల దగ్గర అది 1 అట్మాస్ఫియర్ అవుతుంది. బట్టీలో బుట్టెడు గుల్ల వేసినా బండెడు వేసినా అదే పీడనం. బట్టీకి గాలి ఆడే దారి ఉంచేది నిప్పు కోసమే కాదు, పుట్టిన గ్యాస్‌ని లాక్కుపోవడానికి కూడా. కదలకుండా అక్కడే పేరుకుంటే సున్నం మళ్లీ రాయి అవుతానంటుంది.

అమ్మోనియా మీద మాత్రం కాసేపు ఉంటాను. మీ ఇళ్లలో చాలామందివి వ్యవసాయ కుటుంబాలు, వరి ఊడ్పులయ్యాక యూరియా బస్తా కోసం మీ నాన్నగారు ఎంత తిరుగుతారో మీకు నేను చెప్పాలా. ఆ యూరియా అమ్మోనియా నుంచి, అమ్మోనియా గాలిలోని నైట్రోజన్ నుంచి. ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్, రెండు అమ్మోనియా. హాబర్ 1909లో బల్ల మీద చేసి చూపించాడు, బాష్ దాన్ని ఫ్యాక్టరీ చేశాడు, 1913లో జర్మనీలో ఒప్పావులో మొదలైంది. 450 డిగ్రీల దగ్గర కేపీ సుమారు 4.5 ఇంటూ 10 పవర్ మైనస్ 5, ఇక్కడ పీడనాలు అట్మాస్ఫియర్లలో. మొత్తం 200 అట్మాస్ఫియర్లు అనుకుందాం, నైట్రోజన్, హైడ్రోజన్ 1కి 3 చొప్పున వేశారు.

దీన్ని మామూలుగా మొదలుపెడితే ఎక్స్ నాలుగో ఘాతం వస్తుంది, చూడగానే పెన్ను మూసేస్తాం. కానీ 1కి 3 చొప్పున వేసి, 1కి 3 చొప్పునే ఖర్చవుతుంటే, మిగిలింది కూడా 1కి 3 చొప్పునే ఉంటుంది కదా! కాబట్టి అమ్మోనియా పీడనం పి అనుకోండి. మిగిలిన 200 మైనస్ పి లో పావు వంతు నైట్రోజన్, ముప్పాతిక హైడ్రోజన్. కేపీలో పెడితే పైన పి స్క్వేర్, కింద 200 మైనస్ పి నాలుగో ఘాతం, ముందు 256 బై 27. అటూ ఇటూ వర్గమూలం తీసేయండి. నాలుగో ఘాతం కాస్తా స్క్వేర్ అయిపోయింది. పి బై, 200 మైనస్ పి స్క్వేర్, ఈక్వల్ టు 0.00218. క్వాడ్రాటిక్, మనకి అలవాటైనదే. పి = 49.4. నైట్రోజన్ 37.6, హైడ్రోజన్ 113. నాకు మొదటిసారి ఈ వర్గమూలం కిటుకు తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పుడు చెప్తుంటే మీకు నవ్వొస్తోంది, సరే.

అంటే 200 అట్మాస్ఫియర్లు నొక్కినా పాతిక శాతం దగ్గరే ఆగిపోతుంది. అదే 10 అట్మాస్ఫియర్ల దగ్గర చేసి చూడండి, 2 శాతం. అంత బరువైన ఉక్కు గొట్టాలు ఎందుకు కట్టారో ఈ రెండు అంకెల్లో ఉంది. వచ్చిన అమ్మోనియాని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన గ్యాస్‌ని మళ్లీ లోపలికి తిప్పుతారు. ఇంకో మాట, 300 అట్మాస్ఫియర్ల దగ్గర మన లెక్క 31 శాతం అంటుంది, కొలిచి చూస్తే 35 పైనే వచ్చింది. అంత ఇరుకులో అణువులు ఒకదాన్నొకటి పట్టించుకుంటాయి, డాల్టన్ మాట అక్కడ పూర్తిగా చెల్లదు. అక్కడ పీడనం బదులు ఫ్యుగాసిటీ అని వేరే అంకె వాడతారు, అది ఎమ్మెస్సీలో చూసుకుందురు గాని.

యూనిట్ల గురించి ఒక్క మాట. ఎన్2ఓ4కి 0.15 అన్నది బార్‌లలో. పీడనాలు కిలోపాస్కల్‌లో పెట్టేవాడికి అది 15 అవుతుంది. కేసీ, అంటే పీడనాల బదులు గాఢతలతో రాసే స్థిరాంకం, దాన్నుంచి కేపీకి వెళ్లేటప్పుడు గ్యాస్ స్థిరాంకం ఆర్ విలువ 8.314 వేసి బార్ అని రాసేవాళ్లకి నా దగ్గర సున్నా, బార్ కావాలంటే 0.0831.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పమ్మా, గట్టిగా. "మొదట్లోనే రెండు గ్యాసులూ ఉంటే ఎక్స్ ప్లస్సా మైనస్సా ఎలా తెలుస్తుంది" అంటోంది. మంచిది, నేను మర్చిపోయాను. అంకెలు నువ్వే ఇవ్వు. ఎన్2ఓ4 0.5 బార్, ఎన్ఓ2 1 బార్? సరే. పాత్ర? గట్టి పాత్ర. ముందు ఉన్నవి ఉన్నట్టు పెట్టి చూద్దాం: 1 స్క్వేర్ బై 0.5, అంటే 2. ఉండాల్సింది 0.15. బద్దలు మరీ ఎక్కువున్నాయి, అతుక్కోవాలి. కాబట్టి ఎన్2ఓ4 0.5 ప్లస్ వై, ఎన్ఓ2 1 మైనస్ 2వై. పొరపాటున ఉల్టా రాసినా భయం లేదు, జవాబు మైనస్‌లో వచ్చి అదే చెప్తుంది, నువ్వు ఎటు వెళ్లాలో.

ఎవరైనా వచ్చి చేయండి బోర్డు మీద. నువ్వు రా బాబూ. అవును... 4 వై స్క్వేర్ మైనస్ 4.15 వై ప్లస్ 0.925. రెండు జవాబులొచ్చాయి, 0.713, 0.324. మొదటిది వేస్తే ఎన్ఓ2 ఎంత? 1 మైనస్ 1.426. మైనస్ పీడనం. అలాంటిది ఏ దేశంలోనూ లేదు, కొట్టేయ్. రెండోది వెయ్. ఎన్2ఓ4 0.824. ఎన్ఓ2 0.352.

ఎందుకలా ఆగిపోయావు? (నవ్వులు) పక్కన పైన చూడు, ఇందాక నేను రాసింది. అవును, అవే అంకెలు. నేను వట్టి గుండ్లతో మొదలుపెట్టాను, ఈ అమ్మాయి బద్దలు ఎక్కువ వేసి మొదలుపెట్టింది. నువ్విచ్చిన 1 బార్ ఎన్ఓ2ని మొత్తం అతికిస్తే ఎంత ఎన్2ఓ4? 0.5. ముందున్నది 0.5. కలిపితే నా 1 బారే. అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా ఆగింది ఒక్కచోటే. నిజం చెప్పమ్మా, ఆ అంకెలు కావాలనే ఇచ్చావా? లేదా? సరే, గొట్టాలు రెండూ బయటికి తీసి బల్ల మీద పెడుతున్నాను. గదివేడికి వచ్చేదాకా కూర్చుని, రెండింటి రంగూ పక్కపక్కన పెట్టి చూసుకుని వెళ్లండి.